కప్పలకో తక్కెడ

ఫిబ్రవరి చివర్లో చలి కాస్త తగ్గి, తుంపర పడిన సాయంత్రం బ్రిటన్ పల్లె రోడ్ల మీద కొందరు బకెట్లు, టార్చిలైట్లు పట్టుకుని తిరుగుతుంటారు. శీతకాలమంతా ఆకుల కింద దాక్కున్న గోండ్రుకప్పలు గుడ్లు పెట్టడానికి తాము పుట్టిన కుంటలకే బయల్దేరే వేళ అది. మధ్యలో రోడ్డు. దాటేలోపు టైర్ల కింద పడతాయి. అందుకే వీళ్లు వాటిని ఏరి, బకెట్లో వేసుకెళ్లి అవతల వదిలేస్తారు. ఎన్నిటిని దాటించారో రాసి పెడతారు. వీళ్లలో శాస్త్రవేత్తలు తక్కువ, ఊరివాళ్లే ఎక్కువ.

ఈ పనిని ఫ్రాగ్‌లైఫ్ అనే సంస్థ సమన్వయం చేస్తోంది. ఏళ్ల తరబడి పోగుపడిన ఆ లెక్కలను సిల్వియు పెట్రోవన్, బెనెడిక్ట్ ష్మిట్ అనే పరిశోధకులు ముందేసుకుని చూశారు. బ్రిటన్‌లో గోండ్రుకప్పలు 1985 నుంచి సగటున 68 శాతం తగ్గాయని 2016లో ప్రకటించారు. ఏటా మోస్తూనే ఉన్నా తగ్గాయి! ఆ బకెట్లు లేకపోతే తగ్గిన సంగతైనా తెలిసేది కాదు.

అరుదైన కప్పలకు ఈ తిప్పలు లేవు. వాటి కోసం అడవులు గాలించేవాళ్లుంటారు. తప్పిపోయిన కప్పల కోసం 2010లో శాస్త్రవేత్త ఎస్.డి. బిజు బృందం మన దేశమంతా వెతకడం మొదలుపెడితే, పడమటి కనుమల్లో 136 ఏళ్లుగా ఎవరి కంటా పడని చిన్న కప్ప ఒకటి దొరికింది. పేపర్లకెక్కింది. పెరట్లో గోండ్రుకప్పకు ఆ భోగం ఎక్కడిది? అది తగ్గిపోయినా పట్టించుకునేది దాని పొరుగున ఉన్నవాళ్లే.

అయినా కప్పల తక్కెడ అని ఊరికే అన్నారా? ఒకదాన్ని వేస్తే ఇంకోటి దూకుతుంది. దీనికి అమెరికావాళ్లు తేలికైన ఉపాయం కనిపెట్టారు. 1997 నుంచి 2015 దాకా అక్కడ నడిచిన ఉభయచరాల పర్యవేక్షణ పథకంలో వాలంటీర్లు చీకటి పడ్డాక ఒకే దారిలో పది చోట్ల ఆగి, ఒక్కోచోట ఐదు నిమిషాలు చెవులు రిక్కించేవారు. తలలు లెక్కపెట్టే పనే లేదు. అరుపులు విడివిడిగా వినిపిస్తే 1. కలగలిసినా విడదీయగలిగితే 2. ఒకటే హోరయితే 3. అరిచేవి మగకప్పలే కాబట్టి మొత్తం ఎన్నో దీంతో తేలదు. ఏటా అదే చోట, అదే పద్ధతిలో రాస్తే మాత్రం పెరుగుతున్నాయో తరుగుతున్నాయో తెలుస్తుంది.

ఆస్ట్రేలియాలో ఆ పని ఫోనుకే అప్పగించారు. అక్కడి ఆస్ట్రేలియన్ మ్యూజియం 2017 నవంబరులో ఫ్రాగ్ ఐడీ అనే యాప్ తెచ్చింది. జనం అరుపు రికార్డు చేసి పంపితే నిపుణులు విని జాతి చెబుతారు. నమోదులు పది లక్షలు దాటాయి. 2021 చలికాలంలో తూర్పు ప్రాంతాల్లో కప్పలు కుప్పలుగా చనిపోతుంటే, లాక్‌డౌన్‌తో పరిశోధకులు కదల్లేకపోయారు. కబురు పంపింది జనమే. చాలా కళేబరాల్లో కైట్రిడ్ అనే బూజు కనిపించింది. ప్రపంచంలో కనీసం 501 ఉభయచర జాతులను అది దెబ్బతీసిందనీ, వాటిలో 90 అంతరించినట్టేననీ 2019లో అంచనా వేశారు.

ఇక మన సంగతి. తెలంగాణలో వానల కోసం రోకలికి కప్పను కట్టి కప్పతల్లి ఆడతారు. తొలకరికి పసుపు రంగు తేలిన బోదురుకప్పలు గుంటల్లో గొంతు చించుకుంటాయి. కప్పకాళ్ల ఎగుమతిని కేంద్రం 1987లో నిషేధించింది. ఆ తర్వాత మీ ఊరి చెరువులో కప్పలు పెరిగాయా, తగ్గాయా? “ఇదివరకు రాత్రిళ్లు నిద్ర పట్టనిచ్చేవి కావు” అంటారు పెద్దలు. నిజమే కావచ్చు. తేదీ వేసి రాసుకోని జ్ఞాపకం లెక్కకు పనికిరాదు.

ఈ తొలకరికి లెక్క మొదలుపెట్టండి. కాళ్లకు బూట్లు వేసుకోండి, పాములూ కప్పల కోసమే వస్తాయి. కప్పల్ని ముట్టుకోవద్దు, ఒక కుంటలోవి తెచ్చి ఇంకో కుంటలో వేయొద్దు. తేదీ, వేళ, వాన పడిందా లేదా, హోరు 1 లేక 2 లేక 3 అని రాయండి. అరుపు రికార్డు చేస్తే ఐనేచురలిస్ట్ యాప్‌లో పెట్టండి. ఏమీ వినిపించకపోతే సున్నా వేయండి. వచ్చే ఏడాది మళ్లీ ఆ చెరువుకే వెళ్లండి.