వెనకవైపు చూపించని అంగడి

కాకినాడకు ఈశాన్యాన, కడలి కోతకు తన నేలను కొంచెం కొంచెంగా వదులుకుంటున్న ఉప్పాడలోనూ చుట్టుపక్కల కొత్తపల్లి మండలపు ఊళ్లలోనూ నేసే జమ్దానీ చీర అసలుదో కాదో తేల్చుకోవడానికి పనితనం తెలిసినవారు మొదట చేసే పని దాన్ని తిరగేసి చూడటం. బుటా కోసం పేకలోకి అదనపు పోగును చేత్తో దూర్చి, ఎక్కడి పోగును అక్కడే ముగించడం వల్ల జమ్దానీలో రెండు వైపులూ ఒకేలా కనిపిస్తాయి. మరమగ్గం మీద తీసిన నకలుకు వెనకవైపు వేలాడే పోగులో, వాటిని కత్తిరించిన కొసలో మిగిలిపోతాయి. మగ్గానికి ఇద్దరు కూర్చుని వారాల తరబడి నేసే ఈ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించింది. అంటే ‘ఉప్పాడ జమ్దానీ’ అనే పేరును ఆ ప్రాంతంలో ఆ పద్ధతిలో నేసిన చీరకే వాడాలని చట్టం ఆ పేరుకు రక్షణ కల్పించింది.

అమ్మకం ఫోన్ తెర మీదకు మారినప్పుడు ఈ రక్షణ ఏ మేరకు నిలుస్తుందన్నది వేరే ప్రశ్న. తెర మీద చీరకు ముందువైపు ఒక్కటే, అదీ మంచి వెలుతురులో, కనిపిస్తుంది. వెతుకుడు పెట్టెలో ‘ఉప్పాడ’ అని కొట్టినవారికి ఏ చీర ముందు రావాలో, ఏది ఎక్కడో అడుగున పడాలో నిర్ణయించేది అల్గారిథమ్, అంటే అమ్మకాల వేగం, కొనుగోలుదారుల రేటింగులు, ప్రకటనలకు కట్టిన సొమ్ము వంటివాటిని లెక్కగట్టి సరుకును వరుసలో పెట్టే సూత్రావళి. ఒకే అచ్చులో వందలకొద్దీ దొరికే చౌక నకలుకు అమ్మకాలూ రేటింగులూ ఒకే పేజీలో పోగుపడతాయి. మగ్గం నుంచి ఒక్కటిగా దిగిన చీర అమ్ముడుపోగానే దాని పేజీకి పని తీరిపోతుంది, సంపాదించుకున్న మంచిపేరు తర్వాతి చీరకు సంక్రమించదు. నేతకారుడికి ఎవరూ పనిగట్టుకుని అన్యాయం చేయనక్కర్లేదు. ఆ అంగడి కట్టిన తీరే అతనికి సరిపడదు.

ఇటువంటి అంగళ్లనే ప్లాట్‌ఫాంలు అంటారు. ఇవి సరుకును తామే తయారుచేయకుండా, అమ్మేవారినీ కొనేవారినీ ఒకచోట కలిపి, ఆ కలయిక మీద రుసుము తీసుకుంటాయి. కొనేవారు పెరిగేకొద్దీ అమ్మేవారు, అమ్మేవారు పెరిగేకొద్దీ కొనేవారు వచ్చి చేరతారు కాబట్టి, ‘నెట్‌వర్క్ ప్రభావం’ అని అర్థశాస్త్రం చెప్పే ఈ ఒరవడిలో పెద్దది మరింత పెద్దదవుతుంది. అయితే పాత ఏర్పాటు గొప్పదని కాదు. మాస్టర్ వీవర్ ఇచ్చిన నూలుతో, అతను కట్టిన మజూరీకి నేసి, చీర ఏ ధరకు అమ్ముడైందో కూడా తెలియని నేతకారుడికి, వాట్సాప్‌లో ఫొటో పంపి హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న కొనుగోలుదారుతో నేరుగా మాట్లాడగలగడం చిన్న విముక్తి కాదు. కాకపోతే మాస్టర్ వీవర్‌తో ఎదురెదురుగా బేరమాడవచ్చు, అల్గారిథమ్‌తో ఆడలేరు.

తిండిని ఇంటికి చేరవేసే ప్లాట్‌ఫాంల మీద ఆధారపడిన హోటళ్ల సంగతీ ఇంతే. ఇరవై నుంచి ముప్పై శాతం దాకా కమీషన్ గుంజుతున్నారనీ, కొన్ని హోటళ్లకే పెద్దపీట వేస్తున్నారనీ రెస్టారెంట్ల జాతీయ సంఘం చేసిన ఫిర్యాదుపై, జొమాటో, స్విగ్గీల మీద, వ్యాపార పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ 2022 ఏప్రిల్‌లో దర్యాప్తుకు ఆదేశించింది.

అన్నిటికంటే లోతుగా ఆలోచించవలసింది ప్రభుత్వమే ప్లాట్‌ఫాం మీదికి తరలిన ఉదంతం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 అక్టోబరు 22న వాట్సాప్ యజమాని అయిన మెటా సంస్థతో ఒప్పందం చేసుకుని, 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో తొలి విడతగా 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. ధ్రువపత్రం కోసం కార్యాలయం చుట్టూ తిరిగే పని తప్పడం కాకినాడ వాసికి నిజమైన మేలు. అయితే ఆ ఒప్పందం కుదిరి నెల తిరగకముందే, నవంబరు 18న, 2021 నాటి గోప్యతా విధానాన్ని వాట్సాప్ వినియోగదారుల మీద రుద్దినందుకు అదే మెటాకు కాంపిటీషన్ కమిషన్ 213.14 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ప్రకటనల కోసం సమాచారాన్ని అనుబంధ సంస్థలతో పంచుకోవడంపై కమిషన్ పెట్టిన ఐదేళ్ల నిషేధాన్ని అప్పీలు ట్రైబ్యునల్ 2025 నవంబరులో కొట్టివేసినా, జరిమానాను మాత్రం నిలబెట్టింది. ఒక వ్యవస్థ దండించిన సంస్థకే మరో వ్యవస్థ పౌరసేవల గుమ్మం అప్పగించడం ఈ కాలపు వైచిత్రి.

జరిమానాలు తప్పు జరిగాక, ఏళ్ల విచారణ తరువాత పడేవి. గుత్తాధిపత్యం సాధించిన ప్లాట్‌ఫాంలకు ముందే హద్దులు గీసే డిజిటల్ మార్కెట్ల చట్టాన్ని ఐరోపా సమాఖ్య 2024 మార్చి నుంచి పూర్తిగా అమలు చేస్తోంది; ఉల్లంఘిస్తే ప్రపంచవ్యాప్త టర్నోవరులో పది శాతం దాకా జరిమానా వేయవచ్చు. ఆ తరహా ముసాయిదా బిల్లు మన దేశంలోనూ అదే నెలలో వెలువడింది కానీ చట్టం కాలేదు.

అలాగని చేతులు ముడుచుకు కూర్చోనక్కర్లేదు. సరుకును ఏ ప్రాతిపదికన వరుసలో పెడుతున్నారో సులభమైన భాషలో వెల్లడించాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలే చెబుతున్నాయి. కంపెనీ ఏ మహానగరంలో ఉన్నా, ఫిర్యాదుదారు తాను నివసించే చోటి వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసే వీలును 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కల్పించింది. నకలు చీర అంటగట్టించుకున్న కాకినాడ వాసి కాకినాడలోనే అడగవచ్చు. వ్యాపారం కోసం సరుకు కొన్నవారినీ సేవ పొందినవారినీ ఆ చట్టం వినియోగదారులుగా చూడకపోయినా, స్వయం ఉపాధితో బతుకు వెళ్లదీయడానికే సరుకు కొని వాడుకునేవారికి మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపులో సేవల ప్రస్తావన లేకపోయినా, ప్లాట్‌ఫాం సేవ పొందే నేతకారుడికీ దాన్ని వర్తింపజేయాలన్న వాదనను కమిషన్ ముందుకు తీసుకువెళ్లే పనికి చేనేత సహకార సంఘాలు పూనుకోవాలి.