సీడ్ రాసుకున్నారా?

ప్రాజెక్టు వైవాలో ‘ఈ గ్రాఫ్ మళ్లీ తెప్పించు’ అంటే అదే వస్తుందా? పిట్టలవానిపాలెం నుంచి బాపట్ల వెళ్లి ఈసీఈ చదివేవారైనా, హైదరాబాద్‌లో ఉద్యోగం వెతికేవారైనా దీనికి సిద్ధంగా ఉండాలి.

సాఫ్ట్‌వేర్ పుట్టించే నాయిస్ ఒక లెక్క. అది ‘సీడ్’ అనే అంకెతో మొదలవుతుంది. అదే సీడ్ ఇస్తే అదే నాయిస్! మ్యాట్‌ల్యాబ్ తెరిచినప్పుడల్లా సాధారణంగా సీడ్ 0 ఉంటుంది. నమ్‌పైలో మనం ఇవ్వకపోతే ప్రతిసారీ మారిపోతుంది.

రెండు యాంటెనాలకు ఒకే సీడ్ ఇచ్చారో, దెబ్బతిన్నట్టే. రెండింట్లోనూ ఒకే నాయిస్ చేరుతుంది. ఒకదాన్నుంచి మరొకటి తీసేస్తే మాయం! ఫలితం అద్భుతంగా కనిపిస్తుంది, కానీ తప్పు.

అందుకే ఒక్కో ఛానెల్‌కు ఒక్కో సీడ్ ఇవ్వండి. పరీక్షను 20 సీడ్‌లతో నడిపి సగటు చూపండి. బాగా వచ్చినదాన్నే ఏరుకోవద్దు. వాడినవన్నీ రిపోర్టులో రాయండి. అప్పుడు ఎవరడిగినా ధైర్యంగా రన్ నొక్కొచ్చు.