గ్యాసుబండ సౌలభ్యము

విశాఖపట్టణమందలి మల్కాపురమున 1957లో కాల్టెక్సు సంస్థ ఆధ్వర్యమున ఆరంభమై, 1978లో హిందుస్థాన్ పెట్రోలియములో విలీనమైన చమురుశుద్ధి కర్మాగారము ఉత్పత్తిచేయు వంటవాయువు స్వభావతః వాసనలేనిది. కావున అది కారినంతనే గృహిణికి తెలియవలెనని దుర్గంధద్రవ్యమును లేశమాత్రము కలుపుదురు.

సుఖముగా వాడదగిన వస్తువెట్లుండవలెనో తెలియగోరువారు 14.2 కిలోల వాయువు పట్టు గ్యాసుబండను పరీక్షింపవచ్చును: రెగ్యులేటరును ఊడదీసినతోడనే కవాటము తనంత తాను మూసికొనును, పైనున్న కంకణము చేతిపట్టుగా నుండుటయేగాక కవాటమును దెబ్బలనుండి కాపాడును. ఉపదేశ మక్కఱలేని యీ యేర్పాటులే నా దృష్టిలో ఉత్తమశిల్పము.

అయితే, బండను మరల పరీక్షింపవలసిన గడువును తెలుపుటకై ఆ కంకణమును నిలుపు పట్టీపై వ్రాయు గుర్తు మాత్రము జ్యోతిష్కుని గణితమువలె నున్నది. ‘ఎ’ యనగా జనవరి మొదలు మార్చి వఱకు, ‘డి’ యనగా సంవత్సరపు కడపటి మూడు నెలలు అని యొకరు చెప్పినగాని తెలియదు. నెలపేరే వ్రాసిన నేమి?