జనం పెరిగితే సంఘం బలపడినట్టేనా?



"అయ్యగారూ, మీ సంఘంలో ఎంతమంది?" ఇద్దరు సేవకులు కలిస్తే ముందు వచ్చే ప్రశ్న ఇదే. మూడు వందలంటే ముఖం వెలుగుతుంది, ముప్పై అంటే తల వంగుతుంది. మరి మహాసభలకు బస్సులు నిండితే, ఫోన్లలో వేలమంది ప్రసంగం చూస్తే, ఆ పరిచర్య ఆరోగ్యంగా ఉన్నట్టేనా?

నల్గొండవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. మర్రిగూడ ప్రాంతంలో దశాబ్దాలపాటు బోరు నీళ్ళే తాగారు. చూపుకు తేటగా ఉండేవి, దాహం తీర్చేవి. వాటిలోని ఫ్లోరైడ్ ఏం చేసిందో ఏండ్లు గడిచాక పిల్లల పళ్ళమీద, పెద్దల ఎముకల్లో కనిపించింది. బిందెలు ఎన్ని నిండాయో లెక్కపెడితే నీళ్ళు మంచివో కావో తెలియదు.

అలాగని జనాన్ని చూసి అనుమానపడనక్కరలేదు. పెంతెకొస్తు దినాన మూడు వేలమంది చేరారు. అయితే లూకా ఆ అంకెతో ఆగలేదు. వారు బోధలో, సహవాసంలో, ప్రార్థనలో నిలకడగా కొనసాగారని వెంటనే రాశాడు. యోహాను ఆరవ అధ్యాయంలోనైతే, రొట్టెలు తిన్న జనం ప్రభువును వెదుకుతూ వచ్చారు. ఎందుకు వచ్చారో ఆయన మొహం మీదే చెప్పాడు. అనేకులు వెళ్ళిపోయారు. ఆయన మాత్రం మాట మార్చలేదు.

1880లలో మన పాలమూరుకు, తరువాత నల్గొండకు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనుకు అంతకుముందే ఒంగోలులో ఈ పరీక్ష ఎదురైంది. 1876-78 కరువులో మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. సాయంకాలం ప్రసంగికులు కూలీలకు వాక్యం చెప్పేవారు. బాప్తిస్మం అడిగేవారు ఎక్కువయ్యారు. సంఖ్యే కావాలంటే అంతకన్న అనుకూల సమయం ఏముంది? ఆయన ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశారు. గింజల కోసం వచ్చినవాడెవడో, క్రీస్తు కోసం వచ్చినవాడెవడో తేలాలి గదా! ఇక సహాయం లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకె మన ప్రసంగాల్లో తరచు వినబడుతుంది. దాని ముందు ఏడాది సంగతి అంతగా వినబడదు. నాకైతే అంకెకన్న ఆ ఆగడమే గొప్పగా తోస్తుంది.

పాలమూరులో వలసే పరీక్ష. పొలం పని అయిపోగానే కుటుంబాలు ముంబాయికి, పూణేకు కూలికి పోతాయి. మందిరంలో చాపలు ఖాళీ అవుతాయి. (పాస్టరుగారి గొంతు కూడా అప్పుడు కొంచెం తగ్గుతుంది!) వెళ్ళినవారు ఏ రేకుల షెడ్డులో ఉన్నారో, అక్కడ ప్రార్థన చేసుకుంటున్నారో లేదో, ముసలివాళ్ళ దగ్గర వదిలిన పిల్లలు బువ్వ తిన్నారో లేదో కనుక్కునే సంఘం పన్నెండుమందితో మిగిలినా బ్రతికే ఉంది. వారు పండుగకు తిరిగివచ్చినప్పుడు కానుకల సంగతి మాత్రమే అడిగే సంఘం మూడు వందలమంది ఉన్నా జబ్బుతో ఉంది.

చిన్న సంఘమైతే చాలు, నమ్మకమైనదే అనుకోకండి. కొన్ని చోట్ల సంఘం పెరగనిది సత్యం కోసం నిలబడినందుకు కాదు; ఒక వాడవారి మందిరంలో మరో వాడవారు అడుగుపెట్టలేరు గనుక. దానికి మనం ఇరుకు మార్గమని పేరు పెట్టుకుంటున్నాం.

ఈ వారం మీ సంఘ సభ్యుల పుస్తకం తెరవండి. నిరుడు బాప్తిస్మం పొందినవారిలో ఎవరెవరి గడప ఇంతవరకు ఎవరూ తొక్కలేదో రాసుకోండి. ఆదివారం దాకా ఆగకుండా ఆ ఇళ్ళకు వెళ్ళండి.