చింతపండు పులుపు, సీసా మీద ప్లస్ గుర్తు

పోయిన ఎపిసోడ్‌లో నా గోడౌన్ సంగతి సగం చెప్పి వదిలేశాను. మిగతాది రాయమని చాలామంది అడిగారు. ఇదిగో.

షార్జాలో ల్యాబ్ కెమికల్స్ గోడౌన్‌లో హెల్పర్‌గా చేరిన మొదటి నెల. టార్టారిక్ యాసిడ్ 5 సీసాలు తీయమని చీటీ వచ్చింది. ర్యాక్‌లో ముందున్నవి తీసి డబ్బాలో పెట్టేశాను. మా సూపర్‌వైజర్ మలయాళీ ఆయన. సీసా తిప్పి చూసి ఆపేశాడు. చీటీలో ఉన్నది డి-మైనస్, నేను తీసింది ఎల్-ప్లస్.

"రెండూ తెల్ల పొడే కదా సార్?" అన్నాను.

"రెండూ చెప్పులే కదా, కుడిది ఎడమ కాలికి తొడుగు చూద్దాం" అన్నాడు.

అసలు విషయం ఆ మాటలోనే ఉంది. ఈ యాసిడ్ అణువుకి అద్దంలో బొమ్మల్లాంటి రెండు రూపాలున్నాయి. ఈ గుణాన్నే కైరల్ అంటారు. రంగు, నీళ్లలో కరిగే తీరు, వేడికి 170 డిగ్రీల దగ్గర కరగడం అన్నీ రెండింటికీ ఒకటే. ధ్రువణం చేసిన కాంతిని పంపితే మాత్రం ప్లస్ ద్రావణం దాన్ని కుడికి తిప్పుతుంది, మైనస్‌ది ఎడమకి. మన చారులో చింతపండు పులుపు ఎక్కువగా ఈ ఎల్-ప్లస్‌దే. డి-మైనస్ ప్రకృతిలో అరుదు, అందుకే ధర ఎక్కువ. 1848లో లూయీ పాశ్చర్ ఈ యాసిడ్ లవణపు స్ఫటికాలనే చేత్తో ఏరి, కుడివి ఎడమవి వేరు చేశాడు.

ల్యాబ్‌లో దీని పెద్ద పని కూడా వేరు చేయడమే. కుడి ఎడమ రూపాలు కలిసిపోయిన అమీన్‌లో దీన్ని కలిపితే రెండు రకాల లవణాలు వస్తాయి. వాటిలో తక్కువ కరిగేది ముందు స్ఫటికంగా దిగుతుంది, వడకట్టుకోవచ్చు. టీబీ మందు ఇథాంబుటాల్‌కి కావలసిన ముడిసరుకుని ఇలాగే వేరు చేస్తారు. ఆ మందులో గట్టిగా పనిచేసేది ఒక రూపమే. యాసిడ్ తారుమారైతే దిగే స్ఫటికమూ తారుమారే.

ఆ డబ్బా వెళ్లిపోయి ఉంటే సరుకు వాపస్ వచ్చేది, కోత నా జీతంలో పడేది. అప్పటినుంచి పేరొక్కటే చూసి ఏ సీసా తీయను. గుర్తు చూస్తాను, క్యాస్ నంబర్ చూస్తాను: ఎల్-ప్లస్‌కి 87-69-4, డి-మైనస్‌కి 147-71-7. చదువు తక్కువైనా పర్లేదు, అంకెలు పోల్చడం అందరికీ వచ్చు.

ఇంకొక్క మాట. చింతపండులో ఉన్నదే కదా అని ల్యాబ్ సీసాలోది నాలుక మీద వేసుకోకండి. పొడి కంట్లో పడితే గట్టిగా దెబ్బతీస్తుంది. కళ్లజోడు పెట్టుకోండి. పడితే 15 నిమిషాలు నీళ్లతో కడిగి, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

మీ గోడౌన్ కథలు కూడా పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.