అప్పు తీర్చిన పాట

'ఒరటోరియో' అనే మాట వింటే ఇది మనలాంటి వాళ్ళ కోసం కాదనిపిస్తుంది. పీజీలో చేరేదాకా మేమూ ఈ మాట వినలేదు. దాని వెనకున్న కథ తెలిశాక మాత్రం హాస్టల్ తమ్ముళ్ళకు చెప్పాలనిపించింది.

ఒరటోరియో అంటే ఏమిటి?

దేవుని కథను పాటలతో, వాద్యాలతో చెప్పడమే ఒరటోరియో. వేషాలుండవు, తెరలుండవు. మన తొర్రూరు వైపు ఒగ్గు కథ విన్నవాళ్ళకు ఇది సులువుగా అర్థమవుతుంది. ఒగ్గు కథలో కథకుడు వచనం చెప్తాడు, పాట పాడతాడు, వెనకవాళ్ళు వంత అందుకుంటారు. ఇక్కడా అంతే. కథను మాటలాగా నడిపేది రెసిటటివ్, ఒక్కరే పాడేది ఆరియా, అందరూ కలిసి పాడేది కోరస్.

ఒక్క తేడా ఉంది. బతుకమ్మ దగ్గర ఒకామె పాట ఎత్తుకొని ముగించాక మిగతావాళ్ళు అందుకుంటారు. కోరస్‌లో చాలాచోట్ల ఒక గుంపు పాడుతుండగానే ఇంకో గుంపు అదే వరుస ఎత్తుకుంటుంది. హెచ్చు, తగ్గు గొంతులను బట్టి స్త్రీలవి రెండు, పురుషులవి రెండు, మొత్తం నాలుగు గుంపులు.

బరోక్ వాద్యబృందం

సుమారు 1600 నుండి 1750 వరకు యూరప్ సంగీతంలో బరోక్ కాలం. అప్పటి వయొలిన్లకు గొర్రె పేగుతో చేసిన తీగలుండేవి. మన డప్పును సెగకు కాచి బిగువు తెచ్చినట్టే, వాతావరణం మారితే వాటినీ మళ్ళీ శ్రుతి చేయాలి. పియానోలో సుత్తులు తీగలను కొడతాయి, హార్ప్సికార్డ్‌లో మాత్రం తీగలను మీటుతాయి. ఇప్పుడు బరోక్ బృందాలు శ్రుతిని కూడా సాధారణంగా అర స్వరం తగ్గిస్తాయి. 1784లో లండన్‌లో హ్యాండెల్ స్మారకోత్సవంలో ఐదు వందల మందికి పైగా పాడి వాయించారు. ఇరవయ్యో శతాబ్దంలో మళ్ళీ చిన్న బృందాలతో, పాత వాద్యాలతో వినిపించడం మొదలైంది. అప్పుడు ఒక్కొక్క గొంతూ విడిగా తెలుస్తుంది.

మెస్సయ్య

ఒరటోరియోలన్నిటిలో పేరుపొందినది హ్యాండెల్ 'మెస్సయ్య'. జర్మనీలో పుట్టి లండన్‌లో స్థిరపడిన హ్యాండెల్, 1741 ఆగస్టు 22న మొదలుపెట్టి 24 రోజుల్లో దీన్ని రాశాడు. బైబిలు నుండి మాటలు కూర్చినవాడు చార్లెస్ జెన్నెన్స్.

మొదటి ప్రదర్శన 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో జరిగింది. వచ్చిన డబ్బు రెండు వైద్యశాలలకు, అప్పు తీర్చలేక జైలులో ఉన్నవాళ్ళకు వెళ్ళింది. 142 మంది ఖైదీలు విడుదలయ్యారని చెప్తారు. ఎక్కువ మంది పట్టాలని ఆడవాళ్ళు వెడల్పు గౌన్లు, మగవాళ్ళు కత్తులు లేకుండా రావాలని ముందే కోరారు.

అప్పు కింద మనిషిని పట్టి ఉంచడమంటే ఏమిటో మన ఇళ్ళకు తెలుసు. మా తాతలు అప్పు కింద దొరల దగ్గర జీతమున్నవాళ్ళే. వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది 1976లో. అందుకే ఆ 142 అంకె దగ్గర మేము ఆగిపోయాం.

1750 నుండి హ్యాండెల్ లండన్‌లోని ఫౌండ్లింగ్ హాస్పిటల్ కోసం దీన్ని వినిపించాడు. పేరులో హాస్పిటల్ ఉన్నా అది తల్లిదండ్రులు సాకలేక వదిలిన పిల్లల వసతి. 1759లో చనిపోతూ 'మెస్సయ్య' స్వరప్రతిని ఆ పిల్లల సంస్థకే రాసిచ్చాడు.

మన దగ్గర

పరాయి కళ మన నేల మీద మన రూపు తీసుకుంటుంది. మన జిల్లా డోర్నకల్‌లో, భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్ అయిన అజరయ్య కట్టించిన కేథడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. అందులో గుడి, మసీదు పోలికలూ కనిపిస్తాయి. పంతొమ్మిదో శతాబ్దంలోనే పురుషోత్తమ చౌధరి క్రైస్తవ కీర్తనలను మన రాగాల్లో రాశారు.

'మెస్సయ్య' మొత్తం సుమారు రెండున్నర గంటలు. ముందు 'హల్లెలూయా' కోరస్ ఒక్కటి వినండి, నాలుగు నిమిషాలే. మాటలు అర్థం కాకపోయినా పర్వాలేదు. ఏ గుంపు ముందు ఎత్తుకుంది, ఏది తరువాత అందుకుంది అని గమనించండి. ఏ మతం వారైనా వినవచ్చు. ఒకప్పుడు ఆ పాట వల్ల మనలాంటి పిల్లలు అన్నం తిన్నారు, కనుక అది మనకు పరాయిది కాదు.