ఎపీషియా తీగ - కుండీ కింద పళ్లెం

"సిస్టరమ్మా, వరండాలో వేలాడుతున్న ఆ ఎర్రపూల మొక్క పేరేమిటి?" అని పేషెంట్ల బంధువులు మమ్మల్ని తరచు అడుగుతుంటారు. ఒక కొమ్మ అడిగి తీసుకువెళ్లేవారూ ఉన్నారు. దాని పేరు ఎపీషియా. దాని పెంపకం గురించి, అది మాకు నేర్పిన ఒక పాఠం గురించి ఈ సంచికలో వ్రాస్తున్నాము.

ఎపీషియా మధ్య, దక్షిణ అమెరికా అడవుల మొక్క. అక్కడ పెద్ద చెట్ల నీడలో నేల మీద పాకుతుంది. ఆకులు మఖమల్ గుడ్డలా నూగుతో ఉంటాయి. కొన్ని రకాలలో ఈనెల వెంట వెండి చారలుంటాయి. పూలు లేని రోజుల్లోనూ ఆకులే అందం.

పెంచే విధానం

వెలుతురు: కిటికీ దగ్గర వెలుగు కావాలి. మధ్యాహ్నపు ఎండ తగిలితే ఆకులు మాడిపోతాయి. మరీ చీకటిలో పెడితే పూయదు.

మట్టి: వేళ్లు పైపైనే ఉంటాయి కాబట్టి లోతులేని కుండీ చాలు. ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, బాగా మాగిన ఎరువు, కొంచెం ఇసుక కలపాలి. అడుగున రంధ్రం తప్పనిసరి.

నీరు: పైమట్టి ఆరినప్పుడే మొదట్లో పోయాలి. చల్లని నీళ్లు ఆకుల మీద పడితే మచ్చలు వస్తాయి.

చలి: ఈ మొక్క చలికి తట్టుకోలేదు. అరకు, ఆదిలాబాద్ వంటి చోట్ల చలికాలంలో ఇంటి లోపల ఉంచాలి.

పిలకలు: పాకే తీగ కొసన పిల్ల మొక్క వస్తుంది. దానిని పక్క కుండీలోని మట్టికి ఆనించి ఉంచి, వేళ్లు పట్టాక తీగ కత్తిరించాలి.

మేము నేర్చుకున్న పాఠం

ఒక వానాకాలం మా జ్వరాల వార్డు డెంగ్యూ రోగులతో నిండిపోయింది. కూలర్లు, డ్రమ్ములు, పాత టైర్లలో నీరు నిలవనీయవద్దని మంచం మంచానికీ వెళ్లి చెబుతున్నాము. ఆ సమయంలో ఒక పేషెంటు కొడుకు వరండాలోకి పిలిచి, "సిస్టర్, మీ కుండీ కింద చూడండి" అన్నాడు. పళ్లెం నీటిలో దోమ లార్వాలు మెలికలు తిరుగుతున్నాయి. మాకు తల కొట్టేసినట్లయింది.

డెంగ్యూను వ్యాపింపజేసే ఏడిస్ దోమ నీటి అంచుకు కాస్త పైన, పాత్ర గోడకు గుడ్లు అంటిస్తుంది. అవి ఎండినా నెలల తరబడి చావవు, మళ్లీ నీరు తగిలితే పొదుగుతాయి. అందుచేత నీరు పారబోస్తే చాలదు, పళ్లెం గోడలను పీచుతో గట్టిగా తోమాలి. గుడ్డు దోమగా మారడానికి సుమారు 7 నుంచి 10 రోజులు పడుతుంది. కనుక వారానికి ఒకసారి తోమితే దోమ పుట్టదు. ఇప్పుడు మా వరండాలో ప్రతి శుక్రవారం పళ్లేలు తోమి, ఆరబెట్టి పెడుతున్నాము.

గుర్తుంచుకోండి

జ్వరం వచ్చినప్పుడు సొంతంగా ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వాడవద్దు. విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే, జ్వరం తగ్గినా సరే, వెంటనే ఆసుపత్రికి రండి. డెంగ్యూలో ప్రమాదం తరచు జ్వరం తగ్గే రోజుల్లోనే ఉంటుంది.

ఎపీషియా పిలక కావాలంటే మమ్మల్ని అడగండి, సంతోషంగా ఇస్తాము. ఇంటికి వెళ్లాక కుండీ కింద పళ్లెం తోమడం మాత్రం మరువకండి.